పోశం తమ్ముడు పోశం

ఆ పిల్లవాడు వచ్చిన సాయంత్రం నేను మా క్వార్టర్ గడపలో కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నా తల అప్పటికే వేడెక్కి ఉంది. గుండెకు మూడు గదులని ఒకడు, ఆరు గదులని ఇంకొకడు. ఏడాది పొడుగునా నా గొంతు చించుకున్నది ఇందుకా అని ఏడుపొచ్చేట్టుంది.

"మేడం, గట్టయ్య కాక ఇల్లేది?" అన్నాడు వాడు.

"ఈ లైన్ల గట్టయ్య అనేటోడు ఎవ్వడు లేడు. పక్క లైన్ల అడుగు పో" అన్నాను తలెత్తకుండా.

వాడు కదలలేదు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, చెప్పుల నిండా దుమ్ము, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ. "గీ నంబరే చెప్పిండ్రు మేడం. బాయిల ఆయనను పోశం అంటరట" అన్నాడు.

ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో పనిచేసే పోశం అంటే మా పక్క క్వార్టర్ పోశన్నే. గోదావరిఖని ఎయిటింక్లైన్ కాలనీలో ఆరేళ్ళుగా మాకూ అతనికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ ఆరేళ్ళలో అతని ఇంటికి చుట్టమని ఒక్కడు రాగా నేను చూడలేదు. వంట అతనే చేసుకునేవాడు, డ్యూటీ బట్టలు అతనే ఉతుక్కునేవాడు. పండుగ వస్తే పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు సెలవు కోసం కొట్టుకుంటుంటే, ఇతను అడిగి మరీ ఆ షిఫ్టుకు డ్యూటీ వేయించుకునేవాడు. ఒకసారి బతుకమ్మ నాడు సద్దులు పంపితే గిన్నె కడిగి, అందులో చారెడు చక్కెర పోసి తిరిగిచ్చాడు. వట్టి గిన్నె ఇయ్యొద్దని అవ్వ, అంటే వాళ్ళ తల్లి, చెప్పేదట. ఆరేళ్ళలో తన ఇంటివాళ్ళ గురించి అతని నోటి నుంచి నేను విన్న ముక్క అదొక్కటే. మనిషి పక్కనే ఉన్నాడు గానీ ఉన్నట్టు చప్పుడు ఉండదు. అడిగితేనే మాట, అదీ కొలిచి.

మా మాటలు విని అతనే బయటికొచ్చాడు. ఆ పిల్లవాడు వంగి కాళ్ళు మొక్కాడు.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"వీరేందర్‌ను కాకా. పోశం కొడుకును."

పోశన్న ముందు నిలబడి పోశం కొడుకునంటాడేమిటి వీడు! నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పోశన్నకు మాత్రం అర్థమైంది. తలుపు చెక్క పట్టుకుని, "ఇంత పెద్దగయినవా" అన్నాడు, అంతే.

వీరేందర్ అక్కడే, నా ముందే, గబగబా చెప్పేశాడు. వాళ్ళ బాపుకు రక్తం తయారుకావడం లేదు. రక్తం పుట్టేది ఎముకల లోపలి మూలుగలో, ఆ మూలుగే ఎండిపోయిందన్నారట హైదరాబాద్ డాక్టర్లు. పత్తికి మందు కొట్టీ కొట్టీ అని ఊళ్ళో అంటున్నారు. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. వేరేవాళ్ళ మూలుగ ఎక్కిస్తే బతుకుతాడు, కానీ అది ఆయన దానితో కలవాలి. "నాది చూసిండ్రు కాకా. నేను సగమేనట. సగం పనికి రాదట. సొంత అన్నదమ్ములది కలువచ్చు అన్నరు. బాపుకు నువ్వొక్కనివే ఉన్నవు."

"మీ బాపు పంపిండా?"

"లేదు. అవ్వ పంపింది. బాపుకు చెప్పలే."

పోశన్న పిల్లవాణ్ణి లోపలికి తీసుకుపోయి, అన్నం వండి, కోడిగుడ్లు వేయించి పెట్టాడు. బస్సుకు పంపించి వచ్చి నేరుగా మా గడప దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, సగం అంటే ఏంది?"

"ముందు గట్టయ్య అంటే ఏందో నువ్వు చెప్పు, తర్వాత నేను చెప్త" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

అప్పుడు చెప్పాడు. కాసిపేట దగ్గరి పల్లె వాళ్ళది. తండ్రి ఓదెలు. పెద్ద కొడుకు పోశం, చిన్నకొడుకు గట్టయ్య. పోశానికి మందమర్రి బాయిలో కొలువు వచ్చింది. దిగిన వారానికే పక్కన పని చేస్తున్నవాని మీద పైకప్పు బండ పడింది. పోశం పైకొచ్చి, స్నానమైనా చేయకుండా ఊరికి నడిచిపోయి, చచ్చినా మళ్ళీ దిగనని కూర్చున్నాడు. వచ్చిన కొలువు పోగొట్టుకుంటారా ఎవరైనా? పద్దెనిమిదేళ్ళ గట్టయ్య అన్న పేరు మీద దిగాడు. ఆ రోజుల్లో ఈ బొగ్గు ఊళ్ళలో అదేమీ వింత కాదు. అన్న పేరు మీద తమ్ముడు, మేనమామ పేరు మీద అల్లుడు, ఊరివాడి పేరు మీద ఇంకో ఊరివాడు దిగారు. బొగ్గు తవ్వేవాడి పేరు ఏదైతేనేం అనుకున్నారు అందరూ.

అయితే కొలువులో చేరిన రోజు పోశం తన పెళ్ళాం పేరు కూడా రాయించి ఉన్నాడు. కనకవ్వ. ఆ తర్వాత గట్టయ్యకు పిల్లను చూడబోయిన ప్రతిచోటా అదే అడ్డం పడింది. పిల్ల తండ్రులు వివరం కనుక్కునేవారు. కాగితాల మీద నీకు పెళ్ళాం ఉంది, రేపు నీకేమన్నా అయితే మా పిల్లను ఎవరని రాస్తారు అనేవారు. పేరు తీయించబోతే అసలు సంగతి బయటపడి కొలువే పోతుంది. ఒకటి, రెండు, మూడు సంబంధాలు అట్లా పోయాక గట్టయ్య చూడడమే మానేశాడు. వదిన మొగుడని కాగితం, తన ఇంట్లో తనొక్కడు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఇంత చేసినా అన్నదమ్ములు బాగానే ఉండేవారట. తల్లి చనిపోయిన పదో దినం, తల్లి కడియాలు ఎవరికన్న చిన్న మాట మీద గొడవ పెరిగి, నూరుమంది తింటున్న పంక్తిలో పోశం అనేశాడు: "నా పేరు మీద బతుకుతున్నోనివి, నాకే ఎదురు చెప్తవారా?"

గట్టయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. మందమర్రి నుంచి గోదావరి ఇవతలికి బదిలీ పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళు మళ్ళీ ఏరు దాటలేదు. ఏరు అవతల వాళ్ళ ఊరి దిక్కు మంచిర్యాల ఇక్కడికి ఎంత దూరమని? గంటసేపు బస్సు.

"ఇగ చెప్పు టీచరమ్మా. సగం అంటే ఏంది?"

బడిసంచీలోంచి సుద్దముక్కలు తీశాను. మూలుగ రకానికి గుర్తుగా తల్లికి ఎర్రదీ తెల్లదీ, తండ్రికి పచ్చదీ నీలిదీ. "ప్రతి బిడ్డకు అవ్వ తన రెండిట్ల ఒకటి ఇస్తది, బాపు తన రెండిట్ల ఒకటి ఇస్తడు. ఏది ఇస్తరో వాళ్ళకూ తెల్వదు. వీరేందర్‌కు వాళ్ళ బాపు దగ్గరి నుంచి ఒక్కటే వచ్చింది, రెండోది కనకవ్వది. అందుకే వాడు సగం. ఏ కొడుకైనా తండ్రికి సగమే. కానీ అన్నదమ్ములు అట్ల కాదు. అవ్వ మీ ఇద్దరికీ ఎర్రదే ఇచ్చి, బాపు ఇద్దరికీ పచ్చదే ఇచ్చిండనుకో, పూర్తిగ కలుస్తది. ఒకటే కలిస్తే సగం. రెండూ వేరేవి ఇస్తే, ఒక్క కడుపున పుట్టినా ఈ విషయంల మీరు పరాయోళ్ళే. నలుగురిల ఒక్కరికి పూర్తిగ కలుస్తదంటరు."

అతను ఆ నాలుగు ముక్కలనూ అటూ ఇటూ జరిపి చూశాడు. అంతసేపూ నేను ఊరుకుంటే బాగుండేది. తెలిసింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మనిషికీ చింపాంజీ కోతికీ కూడా వందలో తొంభై ఎనిమిది పాళ్ళు కలుస్తాయని చెప్పాను.

"అరె! కోతికి తొంభై ఎనిమిది, మా అన్నకు సగమేనా? అన్న కన్న కోతే దగ్గరి చుట్టమా నాకు?" అన్నాడు.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పదిహేనేళ్ళ నా పాఠంలో ఏ పిల్లాడూ అడగని ప్రశ్న. అది వేరే లెక్క, ఇది వేరే లెక్క అని మళ్ళీ మొదలుపెట్టాను. మనుషులందరికీ దాదాపు అంతా ఒకటే. మన ఒంటి కణాల్లో రాసి ఉన్నది వెయ్యి అక్షరాలు చదివితే ఒక్క అక్షరం తేడా వస్తుంది, అంతే. ఆ తేడా వచ్చే కొద్ది అక్షరాల్లోనే అన్నదమ్ములు సగం, తండ్రీకొడుకులు సగం అని లెక్క కడతారు. మిగిలిందంతా నీకూ నాకూ, ఆ కోతికీ చాలావరకు ఒకటే.

"గింతంత తేడా కోసమా ఇదంత" అని గొణిగాడు. డాక్టర్ల గురించి అన్నాడో, పద్నాలుగేళ్ళ గురించి అన్నాడో నేను అడగలేదు. లేస్తూ, "పోత టీచరమ్మా. అవ్వ మాకిద్దరికి ఒక్కతీరుగ పెట్టిందో లేదో చూసొస్త" అన్నాడు.

ఎండాకాలం సెలవుల్లో మా చెల్లెలింటికి హైదరాబాద్ పోయే పని నాకూ ఉంది, అందుకని అతని వెంట నేనూ వెళ్ళాను. అంత పెద్ద దవాఖానలో అతను ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక తిరుగుతాడని మా ఆయనే పంపాడు. మా ఆయన కంపెనీ స్టోర్‌లో గుమాస్తా. "అసలు పేరు సంగతి అక్కడ తీయకండి, ఇక్కడిదాకా వస్తే పోశన్న కొలువుకే ఎసరు" అని జాగ్రత్త కూడా చెప్పాడు. నెత్తురిచ్చే చోట వరసలో ఒక పెద్దమనిషి నన్ను తోసుకుని ముందుకొచ్చాడు. నేను ఆయనకు మర్యాద నేర్పుతున్న సమయంలో కిటికీ లోపలివాడు గట్టయ్యను పేరు అడిగాడు.

"పోశం."

"తండ్రి పేరు?"

"ఓదెలు."

డ్యూటీ కార్డు చూపించమంటే చూపించాడు. ఇరవై ఆరేళ్ళుగా పేరు అడిగిన ప్రతివాడికీ చెప్పిన జవాబే చెప్పాడు. నెత్తురు ఇచ్చి వచ్చి, దూది అదిమి పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. అన్న ఆ దవాఖానలోనే పై అంతస్తులో ఉన్నాడు. చూసి వద్దాం పద అన్నాను. "కలిసినంక చూస్త" అన్నాడు.

పదిహేను రోజులకు వీరేందర్ నా సెల్‌కు ఫోన్ చేశాడు. వాడి గొంతు మారిపోయి ఉంది. "మేడం, కాక నెత్తురు ఇయ్యలేదట గదా. రెండో సీసల కూడా బాపు నెత్తురే ఉందని ల్యాబోళ్ళు చెప్పిండ్రు. ఒకటే మనిషిది రెండుసార్లు పంపిండ్రన్నరు."

"ఆ ల్యాబోళ్ళకేం పిచ్చా? మీ కాక నా కళ్ళ ముందు ఇచ్చిండు!"

"మరి ఎట్లయితది మేడం? అవ్వ ఏడుస్తుంది. బాపుకు ఎర్కయింది. వాడు ఇయ్యడని నాకు ముందే ఎర్క అన్నడు. మాకు దినాలు లేవు మేడం, నెత్తురు కారుతుంది చిగుళ్ళ నుంచి."

గట్టయ్య నా ఎదురుగానే ఉన్నాడు. వినిపించింది. "ఇచ్చిన గద టీచరమ్మా. నువ్వున్నవు గద" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు. ఆ పూట అతని పొయ్యి వెలగలేదు. మా ఆయన పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఎవరో నలుగురు తనను దొంగ అన్నా అంత బాధపడేవాడు కాదేమో. అన్న బతుకును అన్నకు ఇవ్వకుండా దాచుకున్నాడన్న మాట అది. ఎవరికి చెప్పుకోవాలి? గోడ అవతల ఆ మనిషి ఒక్కడే కూర్చుని ఉన్నాడని తెలుసు, నేనూ కంచం పక్కకు జరిపాను.

మర్నాడు పొద్దున బీరకాయ చెక్కు తీస్తూ ఆ ల్యాబువాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నాను. సీసాలు తారుమారు చేసి మనిషి మీద నింద వేస్తారా, ఒకే మనిషిది అంటారా... ఒకే మనిషిది! చేతిలో బీరకాయ అట్లాగే ఆగింది. ఎందుకన్నారు ఆ మాట? పేరొక్కటే అయితే అనరు. ఎర్ర ముక్కకు ఎర్ర ముక్క, పచ్చ ముక్కకు పచ్చ ముక్క, ఒక్క తేడా లేకుండా కలిసి ఉండాలి. దాని మీద ఇద్దరూ పోశం, ఇద్దరి తండ్రీ ఓదెలు, కార్డు మీద పుట్టిన తేదీ కూడా అన్నదే!

చెప్పులు లేకుండా పరిగెత్తి అతని తలుపు బాదాను. "గట్టన్నా! కలిసింది! పూర్తిగ కలిసింది, అందుకే ఒక్క మనిషి అనుకున్నరు!"

అతను నా ముఖం చూశాడు, చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ చూశాడు. నాకేదో అయిందనుకుని ఉంటాడు. రెండోసారి నిదానంగా చెబితే అప్పుడు చొక్కా వేసుకున్నాడు.

ఆ పరీక్షలు చూసే డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నేను ఆమెను కడిగేయాలని బస్సులో మాటలన్నీ పేర్చుకుని వెళ్ళాను. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే పుట్టిన తేదీ. రక్తం గ్రూపు ఒకటే, మూలుగ రకం ఒకటే. మీరే ఉంటే ఏమనుకునేవారు టీచర్ గారూ?" అంది. నేను ఆ రెండు కాగితాలనూ మళ్ళీ చూశాను.

ఆమె గట్టయ్య వైపు తిరిగింది. "మీ అసలు పేరేంటండీ?"

అతను తలుపు వైపు చూశాడు. మా ఆయన చెప్పిన జాగ్రత్త నాకూ గుర్తుంది. ఈ పేరు ఇక్కడ నుంచి గని దాకా పోతే ఏమైనా కావచ్చు. నేను అతని మోచేతి మీద తట్టాను, ఆలోచించుకో అన్నట్టు.

"గట్టయ్య" అన్నాడు. "పోతే కొలువు పోతది గని, రాసుకో బిడ్డా. గట్టయ్య, తండ్రి ఓదెలు. పోశం తమ్మున్ని."

అన్నదమ్ములిద్దరికీ ఆ డాక్టరమ్మే స్వయంగా నిలబడి మళ్ళీ నెత్తురు తీయించింది. ఈసారి మూలుగ కలిపే చోటొక్కటే కాకుండా ఇంకా చాలాచోట్ల చూశారు. కొన్నిచోట్ల ఇద్దరికీ రెండూ కలిశాయి, కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల ఏదీ కలవలేదు. ఒకే మనిషైతే అన్నిచోట్లా కలవాలి. "ఇద్దరు మనుషులే, ఒకే తల్లిదండ్రుల పిల్లలు" అంది ఆమె. "తండ్రీకొడుకులకు కచ్చితంగా సగం. అన్నదమ్ములకు సగటున సగమే గానీ, ఒక జంటకు కాస్త ఎక్కువుంటుంది, ఇంకో జంటకు కాస్త తక్కువ. మీకు మిగతాచోట్ల ఎంతున్నా, కావలసిన చోట మాత్రం మొత్తం ఉంది."

"అవ్వ ఒక్కతీరుగనే పెట్టింది" అన్నాడు గట్టయ్య నాతో. ఆ ముఖం అంత వెలగడం నేను ఆ రోజే చూశాను.

డబ్బు ఎట్లా పుట్టించారన్నది వీరేందర్‌ను అడగాలి, నేను చెప్పను. వానాకాలం మొదట్లో గట్టయ్య నడుము ఎముకల్లోంచి మూలుగ తీసి అన్నకు ఎక్కించారు. కనకవ్వ బయట బెంచీ మీద అతని పక్కన కూర్చుని, "నా పేరు ఆ కాగితం మీదికెల్లి ఎట్లనన్న తీయించుకుంటే నీకూ ఒక ఇల్లయ్యేది గదయ్యా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనియ్యి వదినె" అన్నాడు. పోనియ్యడానికి అదేమన్నా చిల్లర సంగతా! నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ అది వాళ్ళిద్దరి మాట.

పోశాన్ని అద్దాల గదిలో పెట్టారు. లోపలికి ఎవరూ పోకూడదు. అద్దానికి ఇటొక ఫోను, అటొక ఫోను. గట్టయ్య నడుము పట్టుకుని నిలబడి ఫోను ఎత్తాడు. లోపల మంచం మీద జుట్టు రాలిపోయిన మనిషి, ముక్కూ నుదురూ అచ్చం ఇతనివే. అతనూ ఫోను చెవికి పెట్టుకుని తమ్ముని ముఖమే చూస్తూ ఉన్నాడు. సిస్టర్ టైమైందని సైగ చేస్తుంటే పోశం పెదవులు కదిలాయి.

"తిన్నవారా?"

"తిన్ననే."

"ఏం తిన్నవు?"

"ఇడ్లి పెట్టిండ్రు."

"గది ఏం తిండిరా నీకు" అన్నాడు పోశం. ఫోను పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పద్నాలుగేళ్ళ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నది అంతే. ఆ నాలుగు మాటలూ గట్టయ్య నాకు బస్సులో రెండుసార్లు చెప్పాడు, మూడోసారి రామగుండం దాటాక చెప్పాడు.

సెలవు అయిపోయి డ్యూటీకి వచ్చేశాడు. ప్రతి ఆదివారం వీరేందర్ ఫోను. మూలుగ పట్టిందన్నాడు. రక్తం లెక్క పెరుగుతోందన్నాడు. "ఇప్పుడు బాపు ఒంట్ల పుట్టే నెత్తురంత నీదేనట కాకా, పరీక్ష చేసి చెప్పిండ్రు" అని ఒకసారి అన్నాడు. గట్టయ్య ఫోను నాకిచ్చి, "నువ్వు కూడ విను టీచరమ్మా" అన్నాడు.

ఊళ్ళో పశువులు, పేడ, గడ్డి దుమ్ము ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు అక్కడ ఉంచొద్దని డాక్టర్లు చెప్పారట. "అన్నను ఈడికి తెచ్చుకుంట" అన్నాడు గట్టయ్య. ఖనిలో మాత్రం దుమ్ము తక్కువా? నోటి దాకా వచ్చిన మాట మింగాను. అతను క్వార్టర్‌కు సున్నం వేయించాడు. కిటికీకి జాలీ కొట్టించాడు. నవారు మంచం ఇంకొకటి కొన్నాడు, దోమతెర కొన్నాడు. పొద్దున షిఫ్టు నుంచి వచ్చి రోజూ ఆ కొత్త మంచం దులిపేవాడు. కాలనీ పిల్లలను ఎన్నడూ పలకరించనివాడు, "మా అన్న వస్తున్నడు, ఇగ ఈడ లొల్లి చెయ్యొద్దు" అని ఒకరోజు వాళ్ళతో అంటుంటే విన్నాను. అన్న దిగగానే ఏం వండాలని నన్ను అడిగాడు. కారం తగ్గించమన్నాను.

మూడో నెలలో పోశానికి జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి ఏదో బూజు దిగిందన్నారు. మూలుగ బాగానే ఉంది, కలవడం బాగానే కలిసింది. అంత బాగా కలిసినా ఊపిరి అందక ఐదోనాడు పోయాడు.

గట్టయ్య ఏరు దాటి ఊరికి పోయాడు. పాడె మోశాడు, తల తీయించుకున్నాడు. మా ఆయన, నేను కూడా వెళ్ళాం. అతను ఏడవలేదు. కనకవ్వ గాజులు తీస్తున్నప్పుడు అక్కడ నుంచి లేచి బయట పత్తిచేను గట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కకు పోతే, "పెద్దగయింది చేను" అన్నాడు. నాకు భయమేసింది. ఏడిస్తే మనిషి తేలికపడతాడు. ఇతను బండలాగా ఉన్నాడు.

దినాలు చేసుకుని తిరిగొచ్చిన మర్నాడు మొదటి షిఫ్టు. సద్ది కట్టుకుని, గుండు మీద తువ్వాల చుట్టుకుని, మామూలుగానే వెళ్ళాడు. మా ఆయన, నేను గడపలో నిలబడి చూశాం. బాయిలో పడితే కాస్త మరిచిపోతాడులే అనుకున్నాం.

గంట కాలేదు. నేను బడికి బయల్దేరుతుంటే ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సద్ది గిన్నె పక్కన పెట్టుకున్నాడు. బట్టలకు బొగ్గు అంటలేదు.

"ఏంది గట్టన్నా, డ్యూటీ దిగలేదా?"

అతను తలెత్తాడు. అప్పుడు చూశాను, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. ఊళ్ళో రానివన్నీ ఇక్కడ వస్తున్నాయి.

"పని పంచేటప్పుడు సర్దారు పేర్లు పిలుస్తడు టీచరమ్మా. రోజు పిలిచినట్టే పిలిచిండు, పోశం అని. నాకు నోరు రాలే. మల్ల పిలిచిండు. పోశం, ఓ పోశం, ఉన్నవా లేవా అన్నడు. అందరు నా దిక్కే చూస్తున్నరు."

"ఏమన్నవు మరి?"

"లేడు సార్, సచ్చిపోయిండు అని చెప్పి వచ్చిన."